ఐదో డిస్ట్రిక్ట్

డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ జిల్లా కాదు. అమెరికా నగరాల్లో పాలక మండలికి ఒక సభ్యుణ్ని ఎన్నుకునే ప్రాంతం. మన హైదరాబాదులో డివిజన్ లాంటిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ మండలిని బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అంటారు. సభ్యులు 11 మంది.

ఒకప్పుడు వీళ్లందరినీ నగరమంతా కలిసి ఎన్నుకునేది. ఊరంతా తిరిగి ప్రచారం చేయగల డబ్బు, పలుకుబడి ఉన్నవారికే అది అనుకూలం. 1976లో ఓటర్లు ఈ పద్ధతి మార్చి, డిస్ట్రిక్టుల వారీ ఎన్నికకు ఓటేశారు. క్యాస్ట్రో పేట ఐదో డిస్ట్రిక్టులో చేరింది. అక్కడ కెమెరాల దుకాణం నడిపే హార్వీ మిల్క్ 1973, 1975లలో నగరవ్యాప్త పోటీలో ఓడిపోయాడు. 1977లో సొంత పేట ఓట్లతో నెగ్గాడు. తాను గే అని దాచుకోకుండా కాలిఫోర్నియాలో ప్రజాపదవికి ఎన్నికైన తొలి పురుషుడు ఆయనే. నల్లజాతి మహిళ ఎల్లా హిల్ హచ్ కూడా ఆ ఎన్నికల్లోనే మండలికి వచ్చారు.

1978 నవంబరు 27న మిల్క్‌నూ, మేయర్ జార్జ్ మోస్కోనీనీ మండలి మాజీ సభ్యుడు డాన్ వైట్ కాల్చి చంపాడు. 1980లో ఓటర్లు డిస్ట్రిక్టులనే రద్దు చేశారు. 1996లో మనసు మార్చుకోవడంతో 2000 ఎన్నికల నుంచి అవి తిరిగొచ్చాయి, కొత్త హద్దులతో. ఐదో నంబరు ఇప్పటికీ ఉంది. క్యాస్ట్రో మాత్రం ఎనిమిదో డిస్ట్రిక్టులో ఉంది.