ముందు కొలత, తర్వాత కోత

"బండి బోరుకొచ్చిందంటున్నారు. ఇంజిన్ పని చేయించమంటారా, సెకండ్స్ ఇంజిన్ తెచ్చి వేయించమంటారా?" నరసరావుపేట నుంచి మాచర్ల దాకా పాత కారున్నవాళ్లు తెగ అడిగే ప్రశ్న ఇది. అడిగినవాళ్లు జవాబు కోసం ఆగరు. ఇక్కడి మేస్త్రీ చెప్పిన రేటొకటి, విజయవాడ ఆటోనగర్‌లో చెప్పిన రేటొకటి మన ముందు పెట్టేస్తారు. రెంటిలో ఏది తక్కువో అదే మంచిదని మన నోటితో అనిపించుకుంటే వాళ్లకు తృప్తి. "అసలు బోరుకొచ్చిందని ఎలా తేలింది? ఎవరైనా కొలిచారా?" అంటే మాత్రం వచ్చే జవాబు ఒక్కటే: "పొగొస్తోందిగా!"

ఈ "పొగొస్తోందిగా" అన్న ఒక్క మాట మీద మన జిల్లాలో ఎన్ని మంచి ఇంజిన్లు దిగాయో! పొగ రంగులు మూడు. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, నాజిల్ చెడినా, టర్బో గొట్టం చీలినా అంతే. తెల్ల పొగ బండి బాగా వేడెక్కాక కూడా ఆగకపోతే సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. అది కూడా ప్రతిసారీ రింగుల తప్పు కాదు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఓ గుప్పెడు నీలి పొగ వచ్చి తగ్గిపోతే, అది చాలావరకు వాల్వ్ సీళ్ల పని. టర్బో సీలు పోయినా నీలి పొగే. వీటిలో దేనికీ బోరు కొట్టించక్కర్లేదు.

కొందరు మేస్త్రీలు ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, "చూడండి, బ్యాక్ కంప్రెషన్ ఎలా కొడుతోందో" అని చూపిస్తారు. అది గుర్తే గానీ రుజువు కాదు. బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా మూత దగ్గర గాలి తంతుంది.

రుజువు కావాలంటే కంప్రెషన్ గేజి పెట్టాలి. ఈ ఒక్క పని గురించి కాస్త వివరంగా చెబుతాను. పాఠకుడి డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే.

పెట్రోలు బండి అనుకుందాం. ఇంజిన్‌ను ముందు బాగా వేడెక్కనిచ్చి ఆపుతారు. పెట్రోలు, స్పార్క్ రెండూ తెంపి, నాలుగు ప్లగ్గులూ విప్పి, మొదటి రంధ్రంలో గేజి బిగిస్తారు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే ముల్లు ఎగబాకుతూ ఒక అంకె దగ్గర నిలబడుతుంది. అలాగే నాలుగింటికీ చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది. డీజిల్‌కైతే ఆ అంకె దీనికి రెండింతలు దాటుతుంది. అయితే అంకె కన్నా ముఖ్యం సిలిండర్‌కూ సిలిండర్‌కూ ఉన్న తేడా. 170, 168, 172 వచ్చి నాలుగోది 110 దగ్గరే ఆగిపోయిందనుకోండి, రోగం ఆ ఒక్క గదిలోనే ఉంది. ఇప్పుడు ఆ రంధ్రంలో ఓ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ముల్లు ఎగిరి 150కి చేరితే రింగులూ బోరూ అరిగాయన్నమాట. పోసిన ఆయిల్ ఆ సందును కాసేపు పూడ్చింది. ముల్లు కదలకపోతే వాల్వో, హెడ్ గాస్కెటో కారణం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే వాటి మధ్య గాస్కెట్ పోయి ఉంటుంది.

డీజిల్ బండిలో ఈ ఆయిల్ చిట్కా చేయొద్దు. పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు చాలా తక్కువ. ఆయిల్ నలగదు, లోపల రాడ్డు వంగుతుంది. దానికి బదులు సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పట్టించి చెవి పెట్టి వినాలి. బుస్సుమనే చప్పుడు సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్. ఈ పరీక్షకు పట్టేది ఒక పూట. ఇది చేయకుండా ఎస్టిమేట్ రాసిచ్చే మేస్త్రీకి బండి తాళం ఇవ్వకండి.

అరిగిందని తేలాక కూడా రేట్ల దగ్గరికి పోకూడదు. ఎందుకు అరిగిందో తెలియాలి. కారణం బండిలోనే ఉండిపోతే, రేపు పెట్టే ఇంజిన్ కూడా ఇదే దారి పడుతుంది.

పల్నాడులో అందరూ నింద మోపేది సున్నం దుమ్ము మీద. పిడుగురాళ్ల బట్టీల పక్కనుంచి రోజూ పోయే బండి తెల్లగా పూత పూసినట్టుంటుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ లెక్కలో సున్నపురాయి 3 దగ్గర ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 7. బోరుకు వాడే పోత ఇనుము ఈ రెంటికీ మధ్య ఉంటుంది. సున్నం రేణువు ఫిల్టర్‌ను పూడ్చగలదు గానీ ఇనుమును గీయడం దానివల్ల కాదు. ఇసుక రేణువు గీస్తుంది. అసలు దొంగ పొలాల డొంకల్లో లేచే మట్టిదుమ్ము. దానికి తలుపు తీసేది చిరిగిన ఎయిర్ ఫిల్టర్, వదులైన క్లిప్పు. ఫిల్టర్‌ను కంప్రెసర్‌తో ఊదించి ఊదించి వాడే పొదుపరులు కాగితంలో పడిన సన్నటి చిల్లులను చూసుకోరు.

సున్నపురాయి చేసే అసలు నష్టం వేరే ఉంది. అది గాలిలోంచి కాక నీళ్లలోంచి వస్తుంది. పల్నాడు నేల కింద పరుచుకున్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందీ అందుకే. ఆ రాతిలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విడిపోయి సున్నపు పొరగా అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్ల చెక్కు అదే. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గిందని దారిలో చేతిపంపు నీళ్లు పట్టి పోసే అలవాటున్న ప్రతి బండిలోనూ ఈ పొర పెరుగుతూ ఉంటుంది. ఇనుముతో పోలిస్తే ఆ పొర వేడిని పంపే శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. బయట చూస్తే రాష్ట్రంలో ఎండలంటే ముందు వినిపించే రెంటచింతల మన పక్కనే ఉంది. లోపల వేడి బయటికి పోదు, బయటి గాలి చల్లార్చదు. హెడ్‌కు వాడే అల్యూమినియం వేడికి ఇనుముకన్నా రెట్టింపు సాగుతుంది. దాంతో హెడ్ మెలితిరిగి గాస్కెట్ పోతుంది, ఆయిల్ పలచబడి బోరు గీసుకుపోతుంది.

ఇవేవీ చూడకుండా బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి దిష్టి తీశామనుకుంటాం. శనివారం ఇనుము ఇంటికి తేకూడదని కొత్త పిస్టన్లను షాపులోనే ఉంచేసేవాళ్లున్నారు. ఇంజిన్ దించడానికి మంచి రోజు చూసినంత శ్రద్ధ కూలెంట్ మార్చాల్సిన రోజు మీద ఉంటే, దించే అవసరం సగం తగ్గేది.

సరే, కొలిచాం, కారణం పట్టుకున్నాం, బోరు నిజంగానే అరిగింది. ఇప్పుడు మరమ్మతా, మార్పిడా?

వెనకటికి రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొడతామంటూ వీధుల్లో తిరిగేవాళ్లు. రోలు వాడగా వాడగా నున్నబడి పప్పు నలగదు. ఉలితో దాని మీద గంట్లు పెడితే మళ్లీ పనికొస్తుంది. ఇంజిన్ పని కూడా అచ్చం ఇంతే. అరిగిన సిలిండర్ గోడ అద్దంలా మెరుస్తుంది. ఆ నునుపు మీద ఆయిల్ నిలవదు, రింగు కూర్చోదు. బోరింగ్ షాపులో గోడను గుండ్రంగా కోసి, చివర హోనింగ్ రాయితో అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. రోట్లో గరుకు గింజను పట్టడానికైతే, ఇక్కడ గీతలు ఆయిల్‌ను పట్టి ఉంచడానికి.

ఈ రోటిని ఇంకొంచెం దొర్లిస్తాను. అరిగిన రోట్లో కొత్త పొత్రం వేస్తే ఏమవుతుంది? గుంట ఒకచోట లోతుగా, ఒకచోట పైకి ఉంటే పొత్రం ఎగిరెగిరి పడుతుంది. బోరు కొట్టించకుండా కొత్త పిస్టన్లు, రింగులు మాత్రం వేసి పంపే "హాఫ్ ఇంజిన్ పని" ఇలాంటిదే. సిలిండర్ పైనుంచి కిందికి సమానంగా అరగదు. పైరింగు తిరిగి మళ్లే చోట వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకని అక్కడే ఎక్కువ అరిగి, ఆ పైన చిన్న గట్టు మిగులుతుంది. ఆ గట్టుకు గోరు తగిలితే రింగులతో సరిపెట్టే ఆలోచన మానుకోవచ్చు. అరుగుదల కంపెనీ చెప్పిన హద్దులోపలే ఉంటే రింగులు, బేరింగులు, వాల్వ్ పని చాలు. దాటితే కోయాల్సిందే. మేస్త్రీలు "ట్వంటీ సైజు" అనేది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ట్వంటీ అంటే దాదాపు అర మిల్లీమీటరు. రోలు ఎన్నిసార్లు కక్కు కొట్టినా అడుగు పలచబడినట్టే, బోరు కోయడానికీ హద్దుంటుంది. అది దాటితే లైనర్ దించడమే దారి.

పగిలిన రోటికి కక్కు కొట్టి లాభం లేదు. మాచర్ల దగ్గర దుర్గి శిల్పులు రాయి ఎంచుకునే తీరు చూడాలి. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం వాళ్లది. ఉలి పెట్టేముందే రాయిని తట్టి వింటారు. ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే లోపల బీట ఉన్నట్టు. బ్లాకునూ హెడ్‌నూ తట్టి వింటే సరిపోదు గానీ, నీటి ఒత్తిడి పరీక్ష చేయించవచ్చు. బీట కనిపించిందా, మరమ్మతు మాట వదిలేయండి. రాడ్డు విరిగి బ్లాకుకు చిల్లు పడినా అంతే.

ఇక్కడ ట్రాక్టర్ గురించి ఒక మాట. "మా ట్రాక్టర్‌కు నాలుగుసార్లు చేయించాం, కారుకెందుకు కాదు?" అంటుంటారు. చాలా ట్రాక్టర్లలో లైనర్ విడిగా ఉండి చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. పాతది లాగేసి కొత్త కిట్ దించితే బోరు కొత్తదే. ఆల్టో, వ్యాగన్ ఆర్‌లలోని కె సిరీస్ ఇంజిన్‌కు బ్లాకు అల్యూమినియం, లైనర్ దానిలో కలిసిపోయి ఉంటుంది. స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టాలో వచ్చిన 1248 సీసీ ఫియట్ ఇంజిన్ కామన్ రైల్ రకం. బోరు బాగు చేసినా నాలుగు ఇంజెక్టర్ల ఖర్చు పక్కనే కూర్చుని ఉంటుంది. ఇలాంటి ఇంజిన్లలో కొన్ని బోల్టులు ఒకసారి బిగిస్తే మళ్లీ వాడకూడదు. పాత బోల్టులే బిగించి, టార్క్ రెంచి ముట్టకుండా "చేతి అంచనా" అనే మేస్త్రీ ట్రాక్టర్‌కు మహారాజే. కారు మాత్రం ఆయనకివ్వకండి. చేతిలో మైక్రోమీటరు, బోర్ గేజి ఉన్నవాడు దొరికితే మరమ్మతు. దొరకకపోతే మార్పిడే క్షేమం.

సెకండ్స్ ఇంజిన్ అంటే ఇంకొకరింటి పాత రోలు. ఎన్ని మణుగులు రుబ్బిందో మనకు తెలియదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటి చోట్ల వయసు మూలంగా పక్కకు తీసిన బండి ఇంజిన్ బాగానే ఉండొచ్చు. యాక్సిడెంట్‌లో వెనక దెబ్బ తిన్న బండిదైతే మరీ మంచిది. కానీ అమ్మేవాడి మాట మీద కొనకూడదు. కళ్ల ముందే కంప్రెషన్ పెట్టించాలి. మన బండి మోడల్‌కు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు (ఈసీఎం) సరిపోతుందో చూసుకోవాలి. ఏ బండి నుంచి తీశారో దాని కాగితాలు తీసుకోవాలి. లేకపోతే దొంగ బండి ఇంజిన్ మన బానెట్ కిందికి చేరుతుంది.

ఇంకో సంగతి జనం పూర్తిగా మరిచిపోతారు. ఇంజిన్ నంబరు ఆర్‌సీ మీద ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పు రవాణా శాఖ రికార్డుకు ఎక్కాలి. ముందు అనుమతి లేకుండా మార్చితే 14 రోజుల్లోగా తెలియజేయాలి. ఎక్కించని బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ నంబరునే. పాత బ్లాకును ఉంచి మరమ్మతు చేయిస్తే ఈ తిరుగుడు లేదు. మరమ్మతు వైపు తూగే కారణాల్లో ఇదీ ఒకటి.

చివరికి లెక్క. ఏపీ 07తో మొదలయ్యే పాత గుంటూరు నంబరు బండ్లలో చాలావాటికి పదిహేనేళ్లు దగ్గర పడ్డాయి, కొన్నిటికి దాటిపోయాయి. సొంత కారు ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగింపు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుమే 600 నుంచి 5,000కు పెరిగింది. బండి రెండు లక్షలు చేస్తుందనుకుందాం, ఇంజిన్‌కు ఎనభై వేలు అవుతుందనుకుందాం. ఖర్చు పెట్టినంత మాత్రాన బండి రెండు లక్షల ఎనభై వేలకు పోదు. కాబట్టి అమ్మే ఉద్దేశంతో ఇంజిన్ చేయించడం దండగ. బాడీ తుప్పు పట్టక, గేర్‌బాక్స్ బాగుండి, ఇంకో ఐదేళ్లు మీరే నడుపుతానంటేనే ఎనభై వేలకు అర్థం ఉంది. ఏడాదికి పదహారు వేలతో కారు దొరికినట్టు. రోజూ గురజాల, నరసరావుపేట మధ్య తిరిగేవాళ్లకు ఇది గిట్టుతుంది.

నెలకోసారి కోటప్పకొండకు, పెళ్లిళ్లకు మాత్రమే బండి తీసేవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఏ మేస్త్రీ చెప్పడు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగడం చాలా కంపెనీల లెక్కలో ఇంకా హద్దులోదే. కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానంగా ఉండి, వేడెక్కకుండా నడుస్తూ, పొల్యూషన్ పరీక్ష నెగ్గుతుంటే ఆ ఇంజిన్‌ను దించొద్దు, మార్చొద్దు. డిక్కీలో ఒక లీటరు ఆయిల్ డబ్బా, ఒక కూలెంట్ డబ్బా పెట్టుకుని, వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూసుకోండి.