గే బార్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్లు: హెచ్ఐవీ మీద ఓ పాత ప్రయోగం

కండోమ్ వాడితే హెచ్ఐవీ రిస్క్ బాగా తగ్గుతుందని దాదాపు అందరికీ తెలుసు. అయినా వాడనివాళ్లు ఉన్నారు. అంటే ప్రాబ్లమ్ ఇన్ఫర్మేషన్‌ది కాదు, అలవాటుది. మరి అలవాటుని ఎలా మారుస్తారు?

1980ల చివరికి వెళ్దాం. అప్పటికి హెచ్ఐవీకి గట్టి మందులు లేవు. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో గే సంఘాలే ప్రచారం చేసుకునేవి. చిన్న ఊళ్లలో అలాంటివి తక్కువ. నలుగురు కలిసే చోటంటే గే బారే. జెఫ్రీ కెల్లీ అనే సైకాలజిస్ట్ టీమ్ మిసిసిపీ, లూసియానా రాష్ట్రాల్లో మూడు చిన్న నగరాలు తీసుకుంది. ఒకదాంట్లో ప్రోగ్రామ్ నడిపి, మిగతా రెండిటితో పోల్చింది. మన భాషలో ఏ/బీ టెస్టింగ్ అన్నమాట.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, డాక్టర్లని తెచ్చి స్పీచ్‌లు ఇప్పించలేదు. బార్‌టెండర్లని అడిగారు: "ఇక్కడ అందరూ ఎవర్ని పలకరిస్తారు? ఎవరి మాటకి విలువిస్తారు?" ఎక్కువమంది చెప్పిన పేర్లని పట్టుకుని, వాళ్లకి నాలుగు క్లాసులు పెట్టారు. హెచ్ఐవీ గురించిన నిజాలు, ఫ్రెండ్‌తో ఈ మాట ఎలా కదపాలి, ఇవే క్లాసులు. "నువ్విలా చెయ్యాలి" అని నీతులు చెప్పడం కాదు, "నేనైతే కండోమ్ దగ్గర పెట్టుకుంటా, పెద్ద కష్టమేం కాదు" అన్న టైపులో. షర్టుకి ట్రాఫిక్ లైట్ బొమ్మున్న బ్యాడ్జ్. "ఏంటిది?" అని ఎవరైనా అడిగితే చాలు, మాట మొదలైనట్టే.

రిజల్ట్ 1991లో వచ్చింది. ప్రోగ్రామ్ జరిగిన నగరంలో, రెండు నెలల వ్యవధిలో ఒక్కసారైనా కండోమ్ లేకుండా ఆనల్ సెక్స్ చేశామన్నవాళ్లు 36.9 శాతం నుంచి 27.5 శాతానికి తగ్గారు. అంటే దాదాపు పావు వంతు. సున్నా కాలేదు, నిజమే. కానీ కొన్ని మాటలతో, ఓ బ్యాడ్జ్‌తో వచ్చిన మార్పు ఇది!

అన్నిచోట్లా పనిచేసిందా? లేదు. లండన్ జిమ్‌లలో ఇదే పద్ధతి ట్రై చేస్తే ఫలితం కనపడలేదు. జిమ్‌కి వచ్చేది కసరత్తుకి, కబుర్లకి కాదు కదా!

మన దేశంలో కథ వేరు. ఇక్కడా నాకో ప్రోగ్రామ్‌లలో పీర్ ఎడ్యుకేటర్లు ఆ కమ్యూనిటీ నుంచే వస్తారు. కానీ ఈ పద్ధతికి కావాల్సింది నలుగురికీ తెలిసిన మనిషి. సెక్షన్ 377 ఉన్నంతకాలం నలుగురికీ తెలియడమే డేంజర్. 2001లో లక్నోలో హెచ్ఐవీ అవగాహన పని చేస్తున్నవాళ్లనే పోలీసులు అరెస్ట్ చేశారు. నెలకి పైగా జైల్లో ఉన్నారు. కండోమ్ పంచే మనిషే లోపలుంటే, బయటున్నవాడికి చెప్పేదెవరు? పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న.

టెస్టు గురించి, డౌట్ల గురించి ఎవర్నడగాలో తెలియకపోతే 1097కి కాల్ చేయండి, ఫ్రీ. రోజూ వేసుకునే ప్రెప్ మాత్ర గురించి నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.