గీరుకున్న సప్పుడు: కాటారం మలుపుల్లో పెద్ద బండి

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అన్న (పెద్దనాన్న కొడుకు) హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ క్రూజర్ ఒకటి తెచ్చిండు. మూడొందల కిలోల పైన బరువు. కాళ్లు పెట్టుకోవడానికి మామూలు ఫుట్‌రెస్ట్‌లు కాదు, వెడల్పాటి ఫ్లోర్‌బోర్డులు. ఇద్దరం కాళేశ్వరం పోయి ముక్తేశ్వరుని దర్శనం చేసుకున్నం. తిరిగొచ్చేటప్పుడు బండి నాకిచ్చి తను వెనక కూర్చున్నడు.

ఆ రోడ్డు మనలో చాలామందికి తెలిసిందే. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయి, అక్కడ గోదావరి వంతెన దాటి సిరొంచలోకి దిగే 353సి జాతీయ రహదారి. అడవి, బొగ్గు లారీలు, ఇసుక లారీలు. ఇంకా కాటారం రాలేదు. ఒక ఎడమ మలుపు వచ్చింది. స్పీడ్ 55 దగ్గర ఉంది. బండి వంచంగనే ఎడమకాలి కింద గర్రుమని సప్పుడు, అరికాలికి వణుకు. నాకు గుండె జారిపోయింది. బండిని నిటారుగా లేపి బ్రేక్ పట్టిన. లేచిన బండి మలుపు తిరగడం మానేసి నేరుగా మధ్య గీత దాటింది. ఎదురుగా ఇసుక లారీ. ఆ డ్రైవర్ లారీని మట్టిలోకి దింపిండు కాబట్టి ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న.

కాటారంలో చాయ్ తాగుతుంటే అన్న ఒక్క మాటే అన్నడు: "గీరుకుంటే ఏం గాదురా. సప్పుడు ఇనంగనే బండిని ఎందుకు లేపినవ్? తప్పు గాడ జరిగింది."

ఆ మాట అర్థం కావడానికి నాకు మన ఫస్టియర్ ఫిజిక్స్ మళ్లీ తియ్యాల్సి వచ్చింది.

వంగక తప్పదు

మలుపులో బండి ఎందుకు వంగాలి? మలుపు తిరిగేటప్పుడు టైర్ల దగ్గర రోడ్డు బండిని లోపలికి నెడుతుంది. ఆ తోపుడు కింద పడుతుంది, బరువు కేంద్రం పైన ఉంటుంది. నిటారుగా ఉంటే బండి బయటికి పడిపోతుంది. అందుకని లోపలికి వంగి, బరువుతో ఆ పడిపోవడాన్ని సరిచేస్తుంది. ఎంత వంగాలో లెక్క చిన్నదే: వేగం వర్గాన్ని, మలుపు వ్యాసార్థం × 9.81 తో భాగిస్తే వంపు కోణం టాంజెంట్ వస్తుంది.

ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా లేదు. బరువు ఎక్కువ కాబట్టి ఎక్కువ వంచాలి అనుకోవడం తప్పు. ఒకే మలుపులో ఒకే వేగానికి వంద కిలోల బండికీ, మూడొందల కిలోల బండికీ వంపు దాదాపు ఒకటే.

45 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. 40 కిలోమీటర్ల వేగంలో వంపు సుమారు 16 డిగ్రీలు. 50లో 24. 55లో 28. 60లో 32. వేగం 40 నుంచి 60కి, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే వంపు రెండింతలయింది. వేగం వర్గంలో ఉండటం అంటే ఇదే. మలుపులో "ఇంకో పదే కదా" అనుకునే ఆ పది, నేరు రోడ్డు మీది పది లాంటిది కాదు.

క్రూజర్‌కే ఎందుకు తగులుతుంది?

స్పోర్ట్స్ బండికి ఫుట్‌రెస్ట్‌లు ఎత్తులో, వెనక్కి ఉంటాయి. అది 45 డిగ్రీల దాకా వంగినా నేల తగలకపోవచ్చు. క్రూజర్ సీటు కిందికి ఉంటుంది, కాళ్లు ముందుకు చాచి పెట్టుకోవాలి. కాబట్టి బోర్డులు కిందికి, పక్కలకు వెడల్పుగా వస్తాయి. పెద్ద క్రూజర్లు చాలావరకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య నేలను తాకుతాయి. కొన్ని కంపెనీలు ఈ కోణాన్ని బండి వివరాల పట్టికలోనే ఇస్తాయి. కొనేటప్పుడు మైలేజీ చూసినట్టు దీన్నీ చూడాలి.

ఇంకో తిరకాసు ఉంది. పై లెక్క టైరును పల్చటి చక్రం అనుకుని వేసింది. నిజం టైరుకు మందం ఉంది కదా. బండి వంగినప్పుడు నేలను తాకే చోటు టైరు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకొంచెం వంగాలి. టైరు ఎంత వెడల్పు అయితే, బరువు కేంద్రం ఎంత కింద ఉంటే ఈ అదనపు వంపు అంత ఎక్కువ. బాగా వెడల్పు టైర్లున్న క్రూజర్లలో ఇది నాలుగైదు డిగ్రీలు కూడా ఉండొచ్చు. కింద కూర్చున్నట్టుండే బండి నిలకడగా అనిపిస్తుంది, కానీ మలుపులో ఆ బండే ఎక్కువ వంగాలి.

మరి ఆ రోజు నా 55కి లెక్క చూడండి. ఆ మలుపు 45 మీటర్లదే అనుకుంటే 28 డిగ్రీలు, దానికి టైరు మందం కలిపితే 30 దాటుతుంది. పైగా వెనక అన్న, ఒక బ్యాగు. వెనక షాక్ అబ్సార్బర్ల స్ప్రింగు ఒక్కడి బరువుకే సెట్ చేసి ఉంది. ఇద్దరం ఎక్కంగనే బండి వెనక భాగం కుంగింది. నేలకూ బోర్డుకూ మధ్య ఖాళీ ముందే తగ్గింది. గీరుకోకపోతేనే ఆశ్చర్యం.

సప్పుడు ఏం చెప్తుంది?

ఎండిన మంచి తారు రోడ్డు మీద మంచి టైరు 35 డిగ్రీల వంపునైనా పట్టుకోగలదు. అంటే బోర్డు గీరుకునేటప్పటికి టైరుకు ఇంకా పట్టు మిగిలే ఉంటుంది. చాలా బండ్లలో బోర్డు కీలు మీద ఉంటుంది, నేల తగిలితే పైకి మడుచుకుంటుంది. ఆ సప్పుడు ఒక హెచ్చరిక: ఇంతకంటే వంచకు అని. దాన్ని దాటి ఇంకా వంచితే మడతపడని భాగాలు, అంటే ఫ్రేము, సైలెన్సరు, లెగ్ గార్డు నేలను తాకుతాయి. అవి బండిని ఎత్తి టైరును రోడ్డు నుంచి లేపుతాయి. అసలు ప్రమాదం అది.

కాబట్టి సప్పుడు వస్తే చేయాల్సింది: వంపును అట్లనే ఉంచాలి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలొద్దు, ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. చూపు మలుపు చివర మీద పెట్టి, ఛాతీని కొంచెం లోపలికి దించాలి. మన శరీరం లోపలికి పోతే బండి ఆ మేరకు తక్కువ వంగితే సరిపోతుంది. యాక్సిలరేటర్ టక్కున వదిలితే బండి ముందుకు కుంగి, ఖాళీ ఇంకా తగ్గుతుంది. ఏబీఎస్ ఉంది కదా అనుకోవద్దు. మామూలు ఏబీఎస్ నేరుగా పోతూ బ్రేక్ పట్టే పరిస్థితికి చేసింది, వంపును లెక్కలోకి తీసుకోదు.

గీరుకోకుండా తిరగడం

మొదటిది వేగం. బ్రేకు, గేరు తగ్గింపు అంతా బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులోకి దిగాక సన్నగా, ఒకే తీరుగా యాక్సిలరేటర్ ఇస్తుంటే షాకులు నిలబడి ఉంటాయి.

రెండోది దారి. మన లేన్‌లోనే బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచుకు వచ్చి, మళ్లీ బయటికి పోతే మలుపు వ్యాసార్థం పెరుగుతుంది. 45 డిగ్రీలు తిరిగే మలుపులో ఇట్ల ఒకటిన్నర మీటర్ల వెడల్పు వాడుకుంటే 45 మీటర్ల వ్యాసార్థం 60 దాటుతుంది. 50 కిలోమీటర్ల వేగానికి వంపు 24 నుంచి 18కి దిగుతుంది. కానీ అడవి మలుపులో అవతల ఏముందో కనిపించదు. అందుకే లోపలి అంచుకు ఆలస్యంగా, అవతల దారి కనపడ్డాకే రావాలి. అప్పుడు ఆదా కొంచెం తగ్గుతుంది, ప్రాణానికి భద్రత పెరుగుతుంది. కుడి మలుపులో ఇంకో సంగతి: టైరు మన లేన్‌లోనే ఉన్నా, వంగిన తల మధ్య గీత దాటి లారీకి ఎదురు పోవచ్చు. గీతకు మీటరు దూరం ఉంచాలి.

మూడోది హ్యాండిల్. పెద్ద బండిని నడుముతో వంచలేం. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు మెల్లగా నెట్టాలి. వినడానికి తిక్కగా ఉంటుంది గానీ ఖాళీ నేరు రోడ్డు మీద ఒకసారి చేసి చూడండి, బండి ఎడమకే వంగుతుంది.

నాలుగోది, బయలుదేరే ముందు రెండు నిమిషాల పని. వెనక మనిషి ఎక్కుతుంటే స్ప్రింగు ప్రీలోడ్ పెంచాలి, టైర్లలో గాలి చూడాలి. కాటారం నుంచి మహాముత్తారం మీదుగా మేడారం పోయేటప్పుడు సామాను, మనుషులు అంతా బండి మీదే కదా, అప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఒక్కటి మాత్రం ఈ లెక్కలన్నిటికీ బయట ఉంది. లారీ నుంచి రాలిన ఇసుక, బొగ్గు పొడి, యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వీటి మీద పట్టు ఎంతో తగ్గిపోతుంది. అక్కడ బోర్డు సప్పుడు చేసి హెచ్చరించదు, టైరే ముందు జారుతుంది. అక్కడ వంచకుండా తిరగగలిగే వేగమే సరైన వేగం.

ఆ రోజు చాయ్ తాగినంక బండి మళ్లీ నాకే ఇచ్చిండు అన్న. స్ప్రింగు రెండు గాట్లు బిగించి, వెనక కూర్చుని, "నలభై దాటకు" అన్నడు. భూపాలపల్లి దాకా ఒక్కసారి కూడా సప్పుడు రాలే. ఎడమ బోర్డు కింద ఆ గీత మాత్రం అట్లనే ఉంది. రంగు వేయిద్దామంటే అన్న ఒప్పుకోలే.