ఇంటి ఖర్చు – ఇటుకల లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ముందు వేసుకున్న అంచనా ఈ రెండు పనులలోనూ చివరిదాకా నిలవదని దాని భావం. ఒక చిన్న ఉద్యోగి ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము పునాదులకూ గోడలకూ అయిపోయి, పైకప్పుకు అప్పు చేయవలసి రావడం తరుచుగా చూస్తూ వుండేదే. అటువంటప్పుడు సిమెంటు ధరనో, మేస్త్రీనో నిందించడం పరిపాటి. కాని ఇంటి ఖర్చులో చాలా భాగం సామాను కొనకముందే, కాగితం మీద గీత గీసినప్పుడే నిశ్చయమై పోతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి హైస్కూలులో నేర్చే గణితమూ, భౌతికశాస్త్రమూ చాలును.

గీతలోని పొదుపు

ఒక్కొక్కటి 12 అడుగుల చదరంగా నాలుగు గదులు కావలె ననుకుందాం. నాలుగింటినీ రైలుపెట్టెలవలె ఒకే వరసలో పెడితే ఇల్లు 48 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు వుంటుంది. బయటి గోడలు 120 అడుగులు, మధ్య అడ్డగోడలు మూడూ కలిసి 36 అడుగులు. మొత్తం 156 అడుగులు. అవే గదులను రెండేసి చొప్పున రెండు వరసలుగా పెడితే ఇల్లు 24 అడుగుల చదరం అవుతుంది. బయటి గోడలు 96, లోపలి గోడలు 48. మొత్తం 144 అడుగులు. నివసించే చోటు రెండింటిలోనూ 576 చదరపు అడుగులే. అయినా రెండవ ఇంటికి 12 అడుగుల గోడ, దాని క్రింది పునాది, దాని మీది పూత మిగిలిపోయాయి.

ఇంతమాత్రంచేత చదరపు ఇల్లే మేలని కాదు. వరస ఇంట్లో ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు పెట్టవచ్చు. ఉక్కపోసే ప్రాంతాలలో ఆ గాలికి విలువ వున్నది. ఎంత ఖర్చుకు ఏ సౌకర్యం వస్తున్నదో ముందే తెలియడం ముఖ్యం.

ఎలుకబోను గోడ

రెండవ నిర్ణయం గోడ కట్టే తీరుకు సంబంధించినది. ఈ విషయంలో కేరళలో లారీ బేకర్ చేసిన కృషి ప్రసిద్ధమైనది. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఈ వాస్తుశిల్పి 1945లో కుష్ఠురోగుల వైద్యశాలల పనిమీద భారతదేశం వచ్చి, ఇక్కడనే స్థిరపడినాడు. 1989లో భారత పౌరసత్వం పొంది, 2007లో తిరువనంతపురంలో మరణించాడు. అయిదు మైళ్ళలోపల దొరికే సామగ్రితోనే ఇల్లు కట్టుకోవాలన్న గాంధీజీ మాట తనకు దారి చూపిందని ఆయన చెప్పేవాడు. పటాలు గీసి యితరుల చేతికిచ్చి ఊరుకోక, తానే మేస్త్రీలతో కలిసి నిలబడి కట్టించేవాడు.

ఆయన విరివిగా వాడిన పద్ధతిని ఎలుకబోను కట్టుబడి అంటారు. మామూలు గోడలో ఇటుకలను పరుపు వేసినట్లు పడుకోబెడతారు. ఇందులో ఇటుకలను పక్కమీద నిలబెడతారు. గోడకు లోపలి ముఖాన ఒకటి, బయటి ముఖాన ఒకటి పొడవుగా నిలిపి, వాటి ప్రక్కన మూడవ ఇటుకను గోడకు అడ్డంగా పెడతారు. పొడవు ఇటుకలు రెండింటి మధ్య ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీ ఎంత? మాలు మందంతో కలిపి ఇటుక 9 అంగుళాల పొడవు, 4½ అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం వున్నదనుకుంటే, దాని ఘనపరిమాణం 121½ ఘనపుటంగుళాలు. తొమ్మిదంగుళాల గోడలో రెండు ఇటుకల మందం 6 అంగుళాలు పోగా ఖాళీ మందం 3, పొడవు 9, ఎత్తు 4½ అంగుళాలు. అనగా ఖాళీ సరిగా ఒక ఇటుకంత! నాలుగు ఇటుకలు పట్టేచోట మూడే పడుతున్నాయి. నూటికి ఇరవై అయిదు ఆదా.

పై చదరపు ఇంటి గోడల ఎత్తు 10 అడుగులైతే, తలుపులూ కిటికీలూ లెక్కించకుండా, నిండు గోడకు 15,360 ఇటుకలు కావాలి; ఎలుకబోను గోడకు 11,520 చాలు. వరస ఇల్లు నిండు గోడతో కడితే 16,640 పట్టేవి. గీతలో ఒక నిర్ణయం, పేర్పులో ఒక నిర్ణయం కలిసి 5,120 ఇటుకలు మిగిల్చాయి.

ఖాళీలోని గాలివల్ల మరొక లాభం వున్నది. కదలని గాలి ఉష్ణవాహకత్వం ఇటుకలో ఇరవయ్యవ వంతు కూడా వుండదు. అడ్డపు ఇటుకల ద్వారా కొంత వేడి లోపలికి వస్తుంది; ఖాళీలోని గాలి కూడా కొంత కదులుతుంది. అయినా నిండు గోడకంటె ఈ గోడ గల గది చల్లగా వుంటుంది.

పైకప్పులో పనిచేయని కాంక్రీటు

గోడలమీద ఆనిన శ్లాబు బరువుకు కొద్దిగా క్రిందికి వంగుతుంది. అప్పుడు నడిమిభాగంలో పైపొర నొక్కుకొనిపోతుంది, క్రిందిపొర సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు బాగా ఓర్చుకొంటుంది. సాగుడుకు దాని బలం అందులో పదవ వంతు మాత్రమే. అందువల్లనే క్రిందిభాగంలో ఇనుపకడ్డీలు వేస్తారు. ఆ కడ్డీలను పట్టి వుంచడానికి తప్ప వాటి నడుమనున్న కాంక్రీటు చేసే పని స్వల్పం. బేకర్ అక్కడ పాత బంగాళాపెంకులను అమర్చి, కాంక్రీటునూ బరువునూ తగ్గించాడు. గోడలకు దగ్గరగా మాత్రం నిండు కాంక్రీటు వుండాలి. కడ్డీల లెక్క ఇంజనీరు చేయవలసినదే.

మేస్త్రీతో ముందుమాట

ఈ పద్ధతులు పుస్తకంలో తేలిక; ఫలితం మేస్త్రీ చేతిలో వున్నది. అలవాటు లేని మేస్త్రీ మాలును ఖాళీలోనికి జారవిడిస్తే ఇటుకలో మిగిలినది సిమెంటులో పోతుంది. కనుక ముందుగా నాలుగడుగుల నమూనా గోడ కట్టించి, అందరూ చూసుకొనడం మంచిది. పునాదిమీది మొదటి వరస, కిటికీల క్రింది వరస, తలుపుల ప్రక్కలు నిండుగా కట్టాలని అప్పుడే చెప్పుకోవాలి. చేతిలో వున్న సొమ్మెంతో ఇంటివారు దాచకుండా చెప్పాలి. ఏ గది పెద్దది కావాలి, ఏ కిటికీ లేకపోయినా గడుస్తుంది అన్నవి కూడా పునాది తీయకముందే తేలాలి. కాగితం మీద గోడను జరపడానికి రబ్బరు చాలు. లేచిన గోడను జరపడానికి పగలగొట్టే కూలీ, కట్టే కూలీ రెండూ ఇవ్వాలి.

కేరళ ఇంటిని యథాతథంగా ఇక్కడికి తేవడం కూడా పొరపాటే. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని గోడలను చీలుస్తుంది. అక్కడ పునాదిలో పొదుపు పనికిరాదు. తుఫానులు వచ్చే కోస్తాలో పైకప్పు గోడలను గట్టిగా పట్టుకొని వుండాలి. కడప, తాండూరు పరిసరాలవారికి నాపరాయి దగ్గరలోనే దొరుకుతుంది. అలమరలకూ నేలకూ దూరపు సామాను వెతకనక్కరలేదు. అనుకరించవలసినది బేకరు కట్టిన ఇంటిని కాదు, అతడు వేసిన ప్రశ్నను: ఈ ఇటుక ఇక్కడ ఏమి పని చేస్తున్నది?

విద్యార్థులు తమ తరగతిగది గోడలను కొలిచి, నిండు గోడకూ ఎలుకబోను గోడకూ పట్టే ఇటుకలను లెక్కకట్టి చూడవచ్చు. తలుపులూ కిటికీలూ తీసివేయడం మాత్రం మరువరాదు.