చదివి వినిపించిన నవల

ఒక భాషలో పుస్తకం అచ్చయినంత మాత్రాన ఆ భాష మాట్లాడేవారందరికీ చేరినట్టేనా? కాదని ఐర్లండు అనుభవం చెబుతుంది.

ఆధునిక ఐరిష్ నవలల్లో అగ్రగణ్యమైనది 'క్రే న కిల్లె'. సమాధుల మన్ను అని అర్థం. రచయిత మార్తీన్ ఓ కైన్ (1906-1970) పడమటి తీరాన గాల్వే ప్రాంతంలో, ఐరిష్ మాట్లాడే పల్లెలో పుట్టారు. ఈ నవలలో మాట్లాడేవారంతా చనిపోయినవారే. మట్టికింద ఉండి కూడా ఇరుగుపొరుగు తగాదాలు మానరు. రచన దాదాపు అంతా సంభాషణే. అదీ ఆ పల్లెల పలుకుబడిలో.

1949లో ఇది 'ఐరిష్ ప్రెస్' దినపత్రికలో ధారావాహికగా వెలువడింది. అయితే ఆ పల్లెల్లోని పెద్దల్లో చాలామందికి ఐరిష్ మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. 1831లో నెలకొన్న జాతీయ పాఠశాలలు చాలాకాలం ఇంగ్లీషు చదువే చెప్పాయి. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక బడుల్లో ఐరిష్ పాఠ్యాంశంగా స్థిరపడింది. అందువల్ల చదువుకొన్న చిన్నవాళ్ళు పత్రిక చదువుతుంటే పెద్దలు చుట్టూ చేరి వినేవారని చెబుతారు. ఇంగ్లీషు పాఠకులకు మాత్రం పూర్తి అనువాదం పుస్తకంగా 2015లో గాని అందలేదు.

తమిళనాడులో, కర్ణాటకలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో కన్నడమో చదువుకొన్న కుటుంబాలు మనకు తెలిసినవే. అక్కడ లిపి తెలిసినవారు ఉంటే తరచు పెద్దలే. కనుక మన ఇళ్ళలో చదవవలసింది తాతలు, అవ్వలు, వినవలసింది మనుమలు.