దోర్నకల్ అజరయ్య బిషప్పుగారు

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున దోర్నకల్ అను కూడలి స్టేషను కలదు. మన విద్యార్థులలో ననేకు లా మార్గమున పయనించియే యుందురు. కొందరు భద్రాచలము రోడ్డునకు బండి మారుటకై యచ్చట దిగియు నుందురు. కాని ఆ చిన్న యూరనే భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పుగారు ముప్పది రెండేండ్లు తెలుగు పల్లెలకు పరిచర్య చేసిరని యెరిగినవారు కొందరే. వారే స్వర్గీయ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

"మనము సిద్ధిపేటవారము. మన సంఘము వెస్లియన్ మిషనువారి ప్రయాసచే పుట్టి, మెదకు అధ్యక్షఖండమునకు చెందినది. ఆంగ్లికనులైన దోర్నకల్ బిషప్పుగారితో మనకేమి సంబంధము?" అని యెవరైన నడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. వారి చరిత్రము కొంత తెలిసికొనిన పిమ్మట దానికి సమాధానము చెప్పెదము.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై అను గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు, తల్లి ఎల్లెన్‌గారు. మిషను పాఠశాలలో చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్య నభ్యసించిరి గాని పట్టభద్రులు కాకయే కళాశాలను విడిచిరి. అట్టివారికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుదము నొసగిరి. పరీక్షలు ముఖ్యములు కావని మేము చెప్పుట లేదు. జీవితములోని కడపటి పరీక్ష అది కాదని మాత్రము చెప్పుచున్నాము.

1895లో వారు వై.ఎం.సి.ఏ. సేవయందు ప్రవేశించి, దక్షిణదేశమంతట యువకుల మధ్య పనిచేసిరి. 1902లో సింహళమందలి జాఫ్నాకు పోయినపుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో పరస్థలములకు సువార్తికులను పంపుచుండుట చూచిరి. తిరునెల్వేలి సంఘము అంతకన్న పెద్దదయ్యు నట్టి పని చేయలేదే యని వారి మనస్సు నొచ్చుకొనెను. ఆ నొప్పియే ఫలించి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ యేర్పడెను. భారతీయుల ధనము, భారతీయుల పనివారు, భారతీయుల నిర్వాహము. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున స్థాపింపబడిన నేషనల్ మిషనరీ సొసైటీకి సైతము వారు ముఖ్య కారకులైరి. తిరునెల్వేలివారు తమ పనికై యెన్నుకొనిన తావు నిజాము రాష్ట్రమందలి దోర్నకల్. ఇతరులను పంపి తాను నిలిచిపోవుట తగదని తలచి, అజరయ్యగారు 1909లో గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సున నచ్చటికి వచ్చిరి. వారి మాతృభాష తమిళము. మన తెలుగును పట్టుదలతో నభ్యసించి, తెలుగుననే బోధించిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1910లో, ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ఆ సభలో మాటలాడుటకు వారికి తరుణము లభించెను. మిషనరీలు భారతదేశముకొరకు చేసిన త్యాగమును వారు మనఃపూర్వకముగ కొనియాడిరి. పిమ్మట, తమ ప్రజలకు దాతలకన్న స్నేహితులు కావలెననియు, ఒకే బల్లయొద్ద సమానులుగా కూర్చుండగల ప్రేమ కొరవడినదనియు నిర్భయముగ చెప్పిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. మరికొందరు ఆలోచనలో పడిరి.

దేశీయుని బిషప్పుగా నియమించుట కొందరు మిషనరీలకే గాక కొందరు దేశీయ క్రైస్తవులకును సమ్మతము కాలేదు. అయినను మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టువిడువక ప్రయత్నించిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయమున అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి. మొదట చిన్నదైన వారి అధ్యక్షఖండము కొన్ని యేండ్లకు మచిలీపట్నము, బెజవాడ ప్రాంతముల పురాతన సంఘములను గూడ చేర్చుకొని విస్తరించెను. అంతట ఆంగ్లేయ గురువులు సైతము భారతీయ బిషప్పుగారి చేతిక్రింద పనిచేసిరి.

వారి పని పద్ధతిని వివరింతుము. ఆ దినములలో సంఘమున చేరుచున్నవారిలో అధికులు మాల, మాదిగ పల్లెల కూలిజనులు. వారికి భూమి లేదు, అక్షరము లేదు, ఊరి బావినీరు సైతము లేదు. బిషప్పుగారు ఎద్దుబండిమీదను కాలినడకను ఆ పల్లెలను దర్శించుచు, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుడని బోధించుచుండిరి. ఒక్కొక్క పల్లెకు ఉపాధ్యాయుని నియమించిరి. అతడు పగలు పిల్లలకు అక్షరములు నేర్పి, కూలివారు పనినుండి మరలిన పిదప ప్రార్థన నడుపును. 1935 నాటికి వారి ఖండమున భారతీయ గురువులు 250 మందియు, గ్రామోపాధ్యాయులు రెండు వేలకు పైగాను ఉండిరి. వీరిలో ననేకులు ఆ పల్లెల బిడ్డలే.

గురువుల భార్యలును చదువవలెనని వారి కోరిక. అందుచే దోర్నకల్‌లో గురువిద్యకు వచ్చినవారితోపాటు వారి భార్యలకును శిక్షణ నొసగుచుండిరి. బిషప్పుగారి ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్‌గారు ఈ కార్యమున వారికి కుడిభుజము.

అన్నిటికంటె విశేషమైనది కానుకల విషయము. బీదవారినుండి ఏమియు పుచ్చుకొనరాదని దయగలవారనేకులు తలంతురు. అజరయ్యగారు అట్లు తలంపలేదు. ఇచ్చుటకు చేయి లేనివాడని యొకని నెంచుట వానిని చిన్నబుచ్చుటయే యని వారి భావము. ఇల్లాలు అన్నము వండునపుడు పిడికెడు బియ్యము తీసి వేరొక కుండలో వేయును. ఆదివారమున అది దేవాలయమునకు చేరును. కోతకాలపు పండుగకు ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు, ఎవరికి కలిగినవి వారు తెత్తురు. ఆ పిడికిళ్లతోనే ఉపాధ్యాయుల పోషణమునకు తోడు దొరకెను. నిన్నటివరకు ఎంగిలికై చేయి చాచిన మనుష్యుడు నేడు దాతయై తల యెత్తి నిలిచెను. ఎడింబరోలో వారు కోరిన సమానత్వము దోర్నకల్‌లో ఈ బియ్యపుకుండతో ప్రారంభమైనదని మా యభిప్రాయము.

దోర్నకల్ దేవాలయమును ఈ భావమునే చాటును. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమున హిందూ ఆలయముల స్తంభములును, మసీదుల గుమ్మటములును కలిసి కానవచ్చును. క్రైస్తవుడగుటకు పరదేశి కానక్కరలేదని ఆ రాళ్లు చెప్పుచున్నవి.

వారితో నందరును ఏకీభవించిరని చెప్పజాలము. మతాంతరీకరణ విషయమున మహాత్మా గాంధిగారికిని వారికిని తీవ్రమైన భేదాభిప్రాయ ముండెను. పల్లెజనులు తమ మేలు తామే యోచించుకొని మార్గము నెన్నుకొనగలరని బిషప్పుగారి వాదము. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనన్న వాదమును వారు వ్యతిరేకించిరి. తమ ప్రజలు దేశమునుండి వేరుపడుట వారికి సమ్మతము కాదు.

ఇక మన మొదటి ప్రశ్న. ఒకే ఊరిలో మాలలొక ఆరాధనకు, మాదిగలొక ఆరాధనకు పోవుచుండగా, అందుపైని ఆంగ్లికను, మెతడిస్టు, ప్రెస్బిటీరియను అను పరదేశపు భేదములను గూడ మోయవలెనా యని వారు పరితపించిరి. 1919లో తరంగంబాడియందు కూడిన గురువుల సభలో సంఘైక్యమునకు పునాది వేసినవారిలో వారు ప్రముఖులు. ఆ చర్చలు ఇరువదియెనిమిదేండ్లు సాగెను. 1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు దోర్నకల్‌లోనే దేహము చాలించిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము అవతరించినపుడు చూచుటకు వారు లేరు. ఆ దినముననే మెదకును దోర్నకలును ఒకే సంఘమయ్యెను. కావున నేడు సిద్ధిపేట దేవాలయమున మోకరించు బాలుడును దోర్నకల్‌లో మోకరించు బాలికయు అన్నాచెల్లెండ్రు. వారు నాటిన చెట్టు నీడలో మనమును కూర్చుండియున్నాము.

ప్రియ విద్యార్థులారా, మొదటి భారతీయ బిషప్పు అను బిరుదమును పరీక్షకై జ్ఞాపకముంచుకొనుట సులభము. మన పాఠశాలయందు ఉచితముగ చదువుకొనువారు కలరు, జీతము కట్టువారును కలరు. ఎవడును పుచ్చుకొనువాడుగా మాత్రమే మిగులరాదు. తన చిన్న తరగతిలోని బాలునికి ఒక లెక్క నేర్పుట సైతము పిడికెడు బియ్యమే. మీరు ఈసారి ఆ రైలుమార్గమున పోవునపుడు సమయము చిక్కినయెడల దోర్నకల్‌లో దిగి, ఆ దేవాలయమును చూచి రండు.