కొనవద్దన్న దుకాణము

వ్యాపారము, పరోపకారము: ఈ రెండు మాటలకు అంత్యప్రాస కుదిరినంత సులభముగా పొత్తు కుదరదు. వర్తకులు దానధర్మములు చేయరని నా అభిప్రాయము కాదు. మన ఊళ్లలోని పాత సత్రములను, చలివేంద్రములను, కోనేటి మెట్లను చూచినచో వాటి ఫలకముల మీద ఎందరో వర్తకుల పేర్లు కనబడును. అయితే ఆ ధర్మములకు ఒక పద్ధతి ఉన్నది. ఆర్జన ఒకచోట, దానము మరొకచోట. పగలంతా తక్కెడ దగ్గర కూర్చుండి గడించినదానిలో కొంత సాయంకాలము దేవుని హుండీలో వేయుట. తక్కెడ సంగతి దేవుడు అడుగడు. హుండీ సంగతి తక్కెడకు తెలియదు. ఉభయులకూ సుఖమే.

ఈ చక్కని ఏర్పాటును చెడగొట్టి, తక్కెడనే నిలదీసిన వర్తకుడు ఒకడు అమెరికాలో బయలుదేరినాడు. ఆయన పేరు ఈవాన్ షూయినార్డ్. వర్తకుడు అనిపించుకొనుట ఆయనకు ఎన్నడూ ఇష్టము లేదు. తన వ్యాపార జీవితమును గురించి 2005లో ఒక గ్రంథము వ్రాసినప్పుడు, దాని ఉపశీర్షికలోనే తాను మనసొప్పని వ్యాపారినని చెప్పుకొన్నాడు. మనసొప్పని ఉపాధ్యాయులను, మనసొప్పని విద్యార్థులను మనము రోజూ చూచుచున్నాము గాని, మనసొప్పని వ్యాపారి కొంచెము అరుదు.

షూయినార్డ్ 1938లో మెయిన్ రాష్ట్రములో పుట్టినాడు. తల్లిదండ్రులు ఫ్రెంచి మాటలాడు కెనడా సంతతివారు. బాల్యములోనే కుటుంబము కాలిఫోర్నియాకు వలస పోయినది. పదునాలుగవ యేట ఆయన డేగలను పెంచువారి సంఘములో చేరినాడు. డేగలు గూళ్లు కట్టేది కొండచరియలలో. గూడు చూడవలెనంటే త్రాటి మీద వ్రేలాడి దిగవలెను. అట్లు దిగుట నేర్చినవానికి ఎక్కవలెనన్న బుద్ధి పుట్టినది. ఆ బుద్ధి ఇక వదలలేదు.

కొండ ఎక్కుటకు మేకులు కావలెను. రాతి పగులులో మేకు దిగగొట్టి, దానికి త్రాడు తగిలించి, పైకి ప్రాకుదురు. ఆ రోజులలో ఐరోపా నుండి వచ్చే మేకులు మెత్తని ఇనుముతో చేసినవి. ఒకసారి కొడితే అంతే సంగతులు, అక్కడే వదలిపెట్టవలసినదే. 1957లో షూయినార్డ్ పాత సామానుల అంగడిలో ఒక కొలిమిని, 138 పౌనుల బరువుగల దాగలిని, పటకారులను, సుత్తెలను కొని, గురువు లేకయే కమ్మరిపని నేర్చుకొన్నాడు. పాడైపోయిన కోతయంత్రపు బ్లేడు ఉక్కును సాగగొట్టి గట్టి మేకులు చేసినాడు. వాటిని కొట్టవచ్చును, ఊడబెరికి మరల వాడవచ్చును. గంటకు రెండు మేకులు తయారగును, ఒక్కొక్కటి డాలరున్నర. కారు వెనుక అరయే అంగడి.

ఆ సంపాదనతో గడుపుట కష్టముగనే ఉండెడిది. రోజుకు ఒక డాలరు మించకుండ బ్రతికిన కాలము కలదు. సొట్టలు పడినందున చవుకగా అమ్మిన పిల్లుల ఆహారపు డబ్బాలను కొనుక్కొని ఒక వేసవి గడపినట్లు ఆయనే చెప్పుకొన్నాడు. ఒకసారి గూడ్సు బండి ఎక్కి ప్రయాణము చేసినందుకు అరిజోనాలో పదునెనిమిది దినములు చెరసాలలో కూడ ఉన్నాడు. సన్న్యాసికిని దేశదిమ్మరికిని భేదమేమో తెలియక పోలీసులు తికమకపడుట అన్ని దేశములలోను ఉన్నదే కాబోలు.

కమ్మరి క్రమముగా కంపెనీ అయినాడు. 1965లో టామ్ ఫ్రాస్ట్ అను ఇంజనీరు భాగస్వామిగా చేరినాడు. 1970 నాటికి కొండలెక్కు పనిముట్లను అమ్మువారిలో అమెరికా మొత్తము మీద వారిదే పెద్ద సంస్థ. సరిగా ఆ సమయమునకే ఒక చిక్కు వచ్చినది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అను మహాశిల ఉన్నది. అడుగు నుండి కొస వరకు సుమారు మూడు వేల అడుగుల నిలువురాయి. కొన్ని యేండ్ల క్రిందట మచ్చలేకుండ చూచిన త్రోవను షూయినార్డ్ మరల ఎక్కి చూచుసరికి, పగుళ్లన్నీ చితికి, పెచ్చులూడి, గుంటలు పడి ఉన్నవి. ఎక్కినవారందరు అదే పగులులో మేకు కొట్టుచున్నారు, పెరుకుచున్నారు. మరల కొట్టుచున్నారు, మరల పెరుకుచున్నారు.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగును. మెత్తని ఇనుప మేకు అక్కడే ఉండిపోవును గనుక రాతిని ఒక్కసారే గాయపరచును. గట్టి ఉక్కు మేకు మరల మరల వాడదగినది గనుకనే మరల మరల గాయపరచును. అనగా సరకు నాసిరకమై హాని చేయలేదు, మేలురకమై చేసినది. పొదుపుగా ఉండుటే దాని గుణము, ఆ గుణమే దోషమైనది. కల్తీ సరకు అమ్మి చెడ్డపేరు తెచ్చుకొన్న వర్తకుల కథలు మనకు బోలెడు తెలియును. మంచి సరకు అమ్మి తల వంచుకొన్నవాని కథ ఇది.

మేకులమ్మగా వచ్చేది వారి వ్యాపారములో నూటికి డెబ్బది వంతులు. దానిని మానుకొందమని భాగస్వాములు నిశ్చయించినారు. 1972 నాటి తమ సరకుల పట్టికలో, మేకులు కొండలను పాడుచేయుచున్నవని తామే అచ్చు వేసినారు. సుత్తి లేకుండ, చేతితోనే పగులులో ఇరికించి, పని కాగానే చేతితోనే తీసివేయదగిన అల్యూమినియం దిమ్మలను వాటికి బదులుగా పెట్టినారు. వాటిని వాడు విధమును గురించి పదునాలుగు పుటల వ్యాసమొకటి అదే పట్టికలో ఉన్నది. ధరల పట్టికలో వ్యాసము ప్రకటించుట మాబోటివారికి ఎంత ఆశాజనకమైన వార్తయో చెప్పనక్కరలేదు. కొద్ది నెలలలో మేకుల గిరాకి పడిపోయినది. దిమ్మలు చేసినవి చేసినట్లు చెల్లిపోయినవి. యోసెమిటీలో పాత మేకులు చేసిన గుంటలు మాత్రము మానలేదు. నేడు వట్టి చేతులతో ఎక్కే యువకులు కొన్ని త్రోవలలో ఆ గుంటలలోనే వ్రేళ్లు దూర్చి పైకి పోవుచున్నారు.

తరువాత బట్టల వ్యాపారము వచ్చినది. 1970లో స్కాట్లండుకు పోయినప్పుడు షూయినార్డ్ అక్కడి రగ్బీ ఆటగాళ్ల చొక్కా ఒకటి కొన్నాడు. కాలరు దళసరిగా ఉండి, పనిముట్ల పట్టెడ మెడను ఒరయకుండ కాపాడినది. స్నేహితులు తమకూ కావలెనన్నారు. ఆ విధముగా మొదలైన బట్టల అంగడికి 1973లో 'పటగోనియా' అని పేరు పెట్టినారు. అది దక్షిణ అమెరికా కొసన అర్జెంటీనా, చిలీ దేశములు పంచుకొన్న గాలివానల సీమ. 1968లో షూయినార్డ్ మిత్రులతో ఒక వ్యానులో కాలిఫోర్నియా నుండి అక్కడికి పోయి ఫిట్జ్‌రాయ్ శిఖరము ఎక్కినాడు. ఆ ఆండీస్ పర్వతముల పేరు వినగానే మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు గుర్తుకు వచ్చును. 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఏడు శిఖరములు ఎక్కిన ఆ సాహసి, 2015లో పటగోనియాకు ఎంతో ఉత్తరమున, అదే పర్వతశ్రేణిలో ప్రాణములు వదలినాడు.

బట్టలతో పాటు కొత్త చిక్కులు వచ్చినవి. 1988లో బోస్టను నగరములో తెరచిన దుకాణములో పనివారికి కొద్ది దినములలోనే తలనొప్పులు పట్టుకొన్నవి. విచారించగా, క్రింది అంతస్తులో నిలువ చేసిన నూలుబట్టల నుండి ఫార్మాల్డిహైడ్ అను రసాయనము గాలిలో కలియుచున్నదని తేలినది. గాలి యంత్రమును బాగుచేసి ఊరకుండిన సరిపోయెడిది. వీరు బట్ట నుండి దారమునకు, దారము నుండి పత్తికి, పత్తి నుండి చేనుకు వెళ్లినారు. పురుగుమందుల సంగతి అక్కడ తెలిసినది. గుంటూరు, వరంగల్లు రైతులను అడిగియున్న ఆ శ్రమ తప్పి ఉండును. 1996 నుండి రసాయనములు లేకుండ పండించిన పత్తినే వాడుచున్నారు.

ఇక అన్నిటికన్న వినోదమైనది 2011 నాటి ప్రకటన. నవంబరులో ఒక శుక్రవారమున అమెరికనులు దుకాణముల మీద దండెత్తుదురు. ఆ దినమున న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పటగోనియావారు తమ కోటు బొమ్మను పెద్దదిగా వేసి, దాని పైన 'ఈ జాకెట్టును కొనవద్దు' అని అచ్చు వేయించినారు. మన ఇండ్లలో జాకెట్టు అనగా రవిక గనుక ఈ మాట గృహిణుల చెవిని పడకుండుట క్షేమము. ఇది చలికి తొడుగుకొనే నూగుకోటు. దానిని తయారుచేయుటకు 135 లీటర్ల నీరు పట్టునని, అది రోజుకు మూడు గ్లాసుల చొప్పున నలుబది అయిదుగురికి చాలునని, కోటు బరువుకు ఇరువది నాలుగు రెట్లు బొగ్గుపులుసు వాయువు పుట్టునని ఆ ప్రకటనలోనే లెక్క చెప్పినారు. కావలసినదే కొనుడు, చినిగినదానిని కుట్టించుకొనుడు అని హితవు పలికినారు.

జనము చదివినారు, మెచ్చుకొన్నారు, వెళ్లి కొన్నారు. మరుసటి సంవత్సరము అమ్మకములు పెరిగినవి.

మన అలంకారశాస్త్రములో వ్యాజస్తుతి అని ఒకటి ఉన్నది. పైకి నింద, లోపల పొగడ్త. విద్యార్థులకు దీనికి ఉదాహరణ చెప్పుట కష్టముగా ఉన్నప్పుడు ఈ ప్రకటనను నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఇది చిత్తశుద్ధియా, చమత్కారమా అని కొందరు అడుగుదురు. రెండును కలదని నా ఊహ. చిత్తశుద్ధి ఉన్నవాడు అమాయకుడు కూడ అయి తీరవలెనని ఎక్కడను లేదు. నెవాడా రాష్ట్రములోని రీనో నగరములో ఆ సంస్థకు చినిగిన బట్టలు బాగుచేసే కార్ఖానా నిజముగా ఉన్నది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టిన మన అవ్వలకు దీనిలో వింత తోచకపోవచ్చును. వింత అంతయు, కొత్తది అమ్మువాడే పాతదానికి కుట్టు వేయుటలో ఉన్నది.

కంపెనీ వారి మీద ఆక్షేపణలు లేకపోలేదు. వారి నూగుకోట్లు ప్లాస్టికు దారముతో నేసినవి. ఉతికినప్పుడెల్ల సన్నని పోగులు రాలి ఏరులలో చేరుచున్నవి. ఈ సంగతిని 2016లో బయటపెట్టిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనకు సొమ్ము ఇచ్చినది వారే. ఉతుకుకు సగటున 1.7 గ్రాములు రాలునని తేలినది. వారి సరకు సామాన్యునికి అందని ధర. కొండలెక్కువారి కొఱకు కుట్టిన చేతులులేని కోట్లను న్యూయార్కు వడ్డీవ్యాపారపు కచ్చేరీలలో చల్లని గదులలో కూర్చున్నవారు ఏకరూప దుస్తులుగా ధరించిరి. అట్టి కంపెనీల ముద్రలు కుట్టి ఇచ్చుటకు 2019లో పటగోనియావారు హద్దులు పెట్టవలసి వచ్చినది. మన కార్తిక వనభోజనములలో ఉసిరిచెట్టు నీడన కూర్చుండి, ప్లాస్టికు గ్లాసులు అక్కడే పారవేసి వచ్చువారము వారిని మరీ వెక్కిరింప తగదు.

షూయినార్డ్ గ్రంథము పేరు 'లెట్ మై పీపుల్ గో సర్ఫింగ్'. కచ్చేరీ ఉన్నది వెంచురా అను సముద్రతీరపు ఊరిలో. అలలు బాగుగా లేచిన దినమున పనివారు పలకలు తీసుకొని సముద్రమునకు పోవచ్చును. అప్పగించిన పని మాత్రము సకాలమునకు కావలెను. ఈ నియమములోని మొదటి సగమును మన కళాశాలలలో క్రికెట్టు పోటీలనాడు ఎవరి అనుమతియు లేకుండ విద్యార్థులు ఎప్పుడో అమలుపరచినారు. రెండవ సగమును గురించి వారితో మాటలాడవలసి ఉన్నది.

అమ్మకములలో నూటికి ఒక వంతు ప్రకృతి సంరక్షణకు ఇచ్చు వ్యాపారుల కూటమిని 2002లో షూయినార్డ్ మరొక వర్తకునితో కలిసి స్థాపించినాడు. లాభములో వంతు కాదు, అమ్మకములో వంతు. నష్టము వచ్చిన ఏడు కూడ ఇయ్యక తప్పదు. భూమిని వాడుకొన్నందుకు శిస్తు వంటిదని ఆయన భావము. మునసబు రాకముందే శిస్తు పట్టుకొని ఎదురువెళ్లిన రైతు మన కథలలో కూడ తక్కువ.

చివరకు 2022 సెప్టెంబరులో ఆయన, ఆయన భార్య, ఇద్దరు బిడ్డలు సంస్థనే వదలుకొన్నారు. దాని విలువ సుమారు మూడు వందల కోట్ల డాలర్లని అంచనా. ఓటుహక్కు గల వాటాలు, అనగా మొత్తములో రెండు వంతులు, ఒక ధర్మనిధికి చేరినవి. ఓటులేని తొంబది ఎనిమిది వంతులు, లాభములను పర్యావరణ రక్షణకు వెచ్చించు మరొక సంస్థకు పోయినవి. ఇకమీద తమకు భూమి ఒక్కతియే వాటాదారు అని ప్రకటించినారు. ధనికుడు తన సొత్తుకు యజమాని కాక ధర్మకర్తగా మెలగవలెనని గాంధీమహాత్ముడు ఎన్నో యేండ్లు చెప్పినాడు. ఆయన మాట విన్న ధనికులు యజమానులుగానే ఉండి ధర్మకర్తలమని చెప్పుకొనుటకు వీలున్నది. ఇక్కడ కాగితముల మీద యాజమాన్యమే పోయినది. పన్నుల భారము తప్పించుకొను ఉపాయమని గిట్టనివారన్నారు. ఆ ధర్మనిధికి ఇచ్చిన వాటాల మీద కుటుంబము పన్ను కట్టినదని పత్రికలు వ్రాసినవి.

ఈ కథ మా తరగతిలో చెప్పినప్పుడు వెనుక బల్ల మీది కుఱ్ఱవాడొకడు లేచి, "భూమి వాటాదారు అయితే సంతకము ఎవరు పెట్టుదురండి?" అని అడిగినాడు. నవ్వినారు గాని, ప్రశ్న గట్టిది. సంతకము పెట్టునది ఆ రెండు వంతుల ఓటు చేతిలో ఉన్న ధర్మనిధివారు. వారిని నడపువారు షూయినార్డ్ కుటుంబమువారు, వారికి సన్నిహితులైన సలహాదారులు. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి. ఏటేట భూమికి పోవలసిన లాభము రావలెనంటే కోట్లు అమ్ముడుపోవలెను. ఎక్కువ ఇయ్యవలెనంటే ఎక్కువ అమ్మవలెను; ఎక్కువ అమ్మినచో ఆ 135 లీటర్ల నీటి లెక్క మొదటికి వచ్చును. ఈ సంగతి చెప్పగా ఆ కుఱ్ఱవాడు కాసేపు ఆలోచించి, "అయితే మరల మేకు దగ్గరకే వచ్చినాడండి" అన్నాడు. గంట కొట్టినారు. ఆ మాట మీద మరుసటి వారము వ్యాసము వ్రాసి తెమ్మని చెప్పినాను.